1971: కోహ్లీ గొప్పా, కృష్ణన్ గొప్పా?

డిసెంబర్ 4 నేవీ డే. ఆ తేదీ 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో మన నౌకాదళం చేసిన కరాచీ దాడిది, అంటే ముంబైలో పశ్చిమ కమాండ్ నడిపిన వైస్ అడ్మిరల్ ఎస్.ఎన్. కోహ్లీ పద్దులోది. విశాఖలో మాత్రం ఆ రోజనగానే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తుంది, దానితోపాటు తూర్పు కమాండ్ నడిపిన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్.

కోహ్లీ వైపు చూస్తే తెగువ కళ్ళకు కడుతుంది. నిపట్, నిర్ఘాత్, వీర్ అనే 3 మిస్సైల్ బోట్లు. తీరం కాపలాకి కొన్న చిన్న పడవలవి, ఎక్కువ దూరం పోలేవు. వాటిని కొంతదూరం తాళ్ళతో లాక్కెళ్ళి మరీ కరాచీ మీదికి వదిలారు. పాకిస్తాన్ నౌకలు ఖైబర్, ముహాఫిజ్ మునిగాయి. మనవాళ్ళు పడవ ఒక్కటీ పోకుండా తిరిగొచ్చారు. 8న రాత్రి వినాశ్ అనే మరో మిస్సైల్ బోటు వెళ్ళి కరాచీ రేవులోని కేమారీ చమురు ట్యాంకులు తగలబెట్టింది. మర్నాడే మన యుద్ధనౌక ఖుక్రీ మునిగింది, 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ నష్టానికి కోహ్లీనొక్కడినే నిలదీయడం న్యాయం కాదు.

కృష్ణన్ చేతిలో ఉన్నది విమానవాహక నౌక విక్రాంత్. బాయిలర్‌లో పగులు, పూర్తి వేగం అందదు. దానికోసమే ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. ఆయన విక్రాంత్‌ను అండమాన్‌లో దాచి, విశాఖ దగ్గర పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌తో దాని వేషం వేయించాడు. వైర్‌లెస్‌లో హోరు. బజార్లో పెద్ద ఓడకి సరిపడా సరుకుల ఆర్డర్లు. విక్రాంత్‌లోని ఒక నావికుడు తల్లి ఆరోగ్యం అడుగుతున్నట్టు రహస్య సంకేతాలేవీ లేని మామూలు సందేశం కూడా! శత్రువు వింటాడని తెలిసే కృష్ణన్ దాన్ని పంపించాడు. ఆ అమ్మ కబురు దగ్గరే నేను ఆగిపోతాను.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట ఘాజీ మునిగింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జ్‌ల (నీటి లోపల పేలే బాంబుల) వల్లనా, లోపల జరిగిన పేలుడు వల్లనా అన్న వాదన ఇంకా తెగలేదు. అందుకే ఘాజీని నేను తూకంలో వేయను. అయినా ముల్లు కృష్ణన్ వైపే మొగ్గుతుంది. ఘాజీ ఎలా పోయినా, అది విక్రాంత్ లేనిచోట వెతికింది. 4 నుంచి ఆ కుంటి ఓడ మీంచే సీ హాక్ యుద్ధ విమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లను దెబ్బకొట్టాయి. తూర్పు పాకిస్తాన్ సైన్యానికి సముద్రం దారి మూసుకుపోయింది.

కోహ్లీ తర్వాత నౌకాదళాధిపతి అయ్యాడు, కృష్ణన్ కాలేదు. కానీ డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫోటో చూడండి. వెనక నిలబడ్డవాళ్ళలో కృష్ణన్ ఉన్నాడు.