బయటి దేశంల భూమి తీస్కునుడా, పంట కొనుక్కునుడా?
వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఎన్ని కందులొచ్చినా దేశం మొత్తానికి సాల్తలెవ్వు, బయటికెల్లి తెచ్చుకోవుడే. దానికి రెండు దారులున్నయ్, ఆఫ్రికాల భూమి లీజుకు తీస్కొని మన కంపెనీలే పండించుడు ఒకటి, అక్కడి రైతులు పండించింది ఒప్పందం మీద కొనుడు ఇంకోటి.

మొదటిది వినడానికి మస్తుంటది, భూమి మన చేతుల ఉంటే భయమేంది అనిపిస్తది. కానీ బెంగళూరు కంపెనీ కరుటూరి ఇథియోపియాల లక్ష హెక్టార్లు తీస్కుంటే వరదకు మొక్కజొన్న మునిగింది, ఆఖరికి 2015ల సర్కారు లీజే రద్దు చేసింది. కొరియా దేవూ కంపెనీ మడగాస్కర్‌ల 13 లక్షల హెక్టార్లు 99 ఏండ్లకు అడిగితే జనం రోడ్డెక్కిన్రు, 2009ల అక్కడి సర్కారే పడిపోయింది, వచ్చినోళ్లు ఆ డీల్ వద్దన్నరు. మరి రేపు ధర్మసాగర్ దిక్కు ఎవరో విదేశపోళ్లు వచ్చి వేల ఎకరాలు పట్టుకొని వడ్లన్నీ ఓడకెక్కిస్తా అంటే మనం ఊకుంటమా? పైగా లీజు భూమిల పంట మనదైనా ఎగుమతి ఆపే పవర్ అక్కడి సర్కారుదే, 2023 జులైల మనమే బాస్మతి కాని తెల్ల బియ్యం బయటికి పోకుండ ఆపినం కదా.

రెండోదాంట్ల పెట్టుబడి రిస్క్ మనకు తక్కువ. 2016ల మొజాంబిక్‌తోని కందుల ఒప్పందం అట్లాంటిదే, ఏడాదికి 2 లక్షల టన్నుల దాకా. అదీ సాఫీగ లేదు, 2023 చివర్ల అక్కడి పోర్టుల్ల సరుకు ఆగి ఇక్కడ వ్యాపారులు మొత్తుకున్నరు.

నా ఓటు రెండోదానికే, కాకపోతే మలావి, మయన్మార్‌తోని కూడా గట్టిగ పట్టుకోవాలె, ఒక్క పోర్టునే నమ్ముకుంటే కష్టం.