స్విచ్ మార్చే పనిలో పెన్ను టెస్టరు: నా అనుభవం

వైరును తాకకుండానే అందులో కరెంటు ఉందో లేదో చెప్పే పెన్ను టెస్టరును పాడైపోయిన లైటు స్విచ్ మార్చుకోవడం కోసం కొన్నాను. ఆ ఒక్క పనికి అది ఎంతవరకు అక్కరకు వస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

స్విచ్ ఆపితే బల్బు ఆరిపోతుంది గానీ స్విచ్ వెనక కరెంటు పోదు. కరెంటు తెచ్చే ఫేజు వైరు వచ్చి చేరే స్క్రూ దగ్గర పూర్తి వోల్టేజీ అలాగే ఉంటుంది. అందువల్ల బోర్డు పలక విప్పకముందే ఆ సర్క్యూట్ ఎంసీబీని, అంటే మెయిన్ బోర్డులో ఆ లైనుకు కరెంటును ఆపే మీటను, దించాలి. దించినది సరైనదో కాదో తేల్చడానికే టెస్టరు.

ఇన్నాళ్లూ వాడిన స్క్రూడ్రైవర్ టెస్టరులో, మన ఒంటి గుండా అతి స్వల్పమైన కరెంటు నేలకు చేరితేనే నియాన్ బల్బు వెలుగుతుంది. ఎండిన చెక్క బల్ల మీద నిలబడితే ఆ వెలుగు బాగా తగ్గిపోతుంది, పగటి వెలుతురులో కంటికి ఆనకపోవచ్చు కూడా. బల్బు వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకొని వైరు పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పెన్ను టెస్టరు వైరు చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రాన్ని పసిగట్టి ఎర్రగా వెలగడమే కాక బీప్‌మని మోగుతుంది కాబట్టి ఆ చిక్కు చాలావరకు తప్పింది.

దాని విలువ నాకు తెలిసివచ్చింది మాత్రం పలక విప్పిన తరువాతే. ఎంసీబీ దించాను, లైటు ఆరింది, పలకను నెమ్మదిగా ముందుకు లాగి పెన్ను మొన చూపిస్తే మార్చవలసిన స్విచ్ దగ్గర చప్పుడు లేదు. పక్క స్విచ్ వైరు దగ్గరికి చేర్చగానే మోగింది. ఒకే బోర్డులోకి ఇన్వర్టర్ నుంచి వేరే ఫేజు వస్తోంది, దానికి నేను దించిన ఎంసీబీతో సంబంధమే లేదు. దాన్ని కూడా ఆపిన తరువాతే స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను.

అయితే ఈ పెన్ను మోగకపోవడాన్ని మాత్రం నేను సాక్ష్యంగా తీసుకోను. బ్యాటరీ నీరసించినా, వైరు చుట్టూ లోహపు తొడుగు ఉన్నా అది మౌనంగానే ఉంటుంది. పక్కనే కరెంటున్న వైరు ఉంటే కరెంటు లేని వైరు దగ్గర కూడా మోగుతుంది. కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట ముందు పరీక్షించి, తరువాత పని చేయవలసిన వైరును చూసి, మళ్లీ మొదటి చోటికే వెళ్లి సరిచూసుకోవాలి. మూడో అడుగు అనవసరమని అనిపించవచ్చు గానీ, టెస్టరు మధ్యలో చెడిపోలేదని తెలిసేది దానితోనే. ఈ మాటను టెస్టరుతో వచ్చిన కరపత్రంలో చివరన, చిన్న అక్షరాలలో వేయడం నాకు నచ్చలేదు. అది పెట్టె మీదే ఉండవలసిన మాట. ఆ పైన మల్టీమీటరును ఏసీ వోల్టేజీకి తిప్పి ఫేజుకు న్యూట్రల్‌తోనూ, ఎర్త్‌తోనూ కొలిచాకే వైరు ఊడదీశాను.

ఇన్వర్టర్ వైరును పట్టిచ్చినందుకు ఈ పెన్నును కొనమనే చెబుతాను, కానీ మల్టీమీటరు లేని ఇంట్లో దీన్నొక్కదాన్నే నమ్ముకొని స్విచ్ విప్పమని మాత్రం చెప్పలేను. పలక విప్పినప్పుడు వైరు తొడుగు మాడి నల్లబడి కనిపిస్తే అది పెన్నుతో తేలే విషయం కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.