సంతకం పెట్టాక మంచి ఆఫర్ వస్తే: ఉండాలా, పోవాలా?

దసరా సెలవులు దగ్గర పడితే చాలు, తెలిసిన టీచర్లందరిదీ ఒకటే ప్రశ్న. "జూన్‌లో అగ్రిమెంటు మీద సంతకం పెట్టాను సార్. ఇప్పుడు బెంగళూరు స్కూలు వాళ్లు పిలుస్తున్నారు. పోదామా, వద్దా?" ఇది మా అనంతపురం మాట. కర్నూలు వాళ్లయితే హైదరాబాద్ అంటారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

వచ్చింది సర్కారు ఉద్యోగమైతే ఈ లెక్కలేవీ వద్దు, వెళ్లి చేరండి. 2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ల కోసం 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీలో ఎంపికైనవాళ్లకు సెప్టెంబరు చివర్లో నియామక పత్రాలు అందాయి. విద్యా సంవత్సరం సగం కూడా కాలేదు. అలాంటప్పుడు ఏ కరస్పాండెంటు అయినా కాసేపు సణుగుతాడేమో గానీ ఆపడు. చిక్కంతా ఒక ప్రైవేటు బడి నుంచి ఇంకో ప్రైవేటు బడికి మారేటప్పుడే. ఏప్రిల్ దాకా ఉండి పోవచ్చు, నోటీసు ఇచ్చి పోవచ్చు, చెప్పాపెట్టకుండా కూడా పోవచ్చు.

అందరూ ముందు భయపడేది బాండుకు. స్టాంపు పేపరు మీద "మధ్యలో మానేస్తే లక్ష కట్టాలి" అని ఉంటుంది, దాని కాపీ మాత్రం టీచరు చేతికి ఇవ్వరు. సంతకం పెట్టేటప్పుడే ఫోన్లో ఫొటో తీసుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. చట్టం చెప్పేది ఇంతే: మిమ్మల్ని బలవంతంగా ఆ బడిలోనే పాఠాలు చెప్పించే అధికారం ఏ కోర్టుకూ లేదు. లక్ష అని రాసుకున్నంత మాత్రాన లక్షా రాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఆ మొత్తానికి మించకుండా, న్యాయంగా ఎంత తోస్తే అంతే పరిహారం. అలాగని "బాండు ఉత్త కాగితం" అని కొట్టిపారేయకండి. ఒక ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి గడువుకు ముందే మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ నోటిఫికేషన్, పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ ఖర్చుతో కూడిన పనులు. డెమో క్లాసు ఒకటి చూసి తీసుకున్న బడి అంత నష్టం చూపించడం కష్టం.

నన్నడిగితే దీన్ని తేల్చేది బాండు కాదు, జీతం కూడా కాదు. కొత్త బడి మీ కోసం ఎన్నాళ్లు ఆగుతుందన్నదే అసలు సంగతి. చిత్రమేమంటే, ఈ ఒక్క మాట అడిగేవాళ్లు చాలా తక్కువ. "సోమవారం చేరాలి" అనగానే సోమవారమే అనుకుని ఇక్కడ గొడవ పెట్టుకుంటారు. ఫోన్ చేసి, "నాకు నెల రోజుల నోటీసు ఉంది, అది పూర్తి చేసి వస్తా" అని చెప్పండి. మీరు నిజంగా కావాల్సినవాళ్లయితే ఆగుతారు, కనీసం పదిహేను రోజులకైనా ఒప్పుకుంటారు. "వాళ్లకేం చెప్పక్కర్లేదు, వచ్చేయండి" అంటే మాత్రం జాగ్రత్త. పక్క బడి పిల్లలు మధ్యలో ఏమైనా ఫర్వాలేదనుకునే యాజమాన్యం రేపు మీ జీతం విషయంలోనూ అలాగే ఉంటుంది.

డబ్బు లెక్కలోనూ నోటీసే నయం. ఇక్కడ 22 వేలు, అక్కడ 35 వేలు అనుకుందాం. నెల ఆగితే పోయేది తేడా 13 వేలే. చెప్పకుండా పోతే ఈ నెల జీతం, ముందు నుంచి పట్టుకున్న హోల్డ్ జీతం, పని నుంచి వదిలేశామని బడి ఇచ్చే రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అన్నీ చిక్కులో పడతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయంటే ఇక చెప్పే పనే లేదు. అందుకే రాజీనామా ఇవ్వకముందే, "వెరిఫికేషన్ ఉంది" అనో మరోటో చెప్పి వాటిని బయటికి తెచ్చుకోమంటాను. ఇది అబద్ధం కదా అంటారా? వాటిని అట్టిపెట్టుకోవడం మాత్రం ఏ ధర్మం? పీఎఫ్ ఒక్కటే అంత టెన్షన్ పెట్టదు. మానేసిన తేదీని బడి నమోదు చేయకపోయినా, చివరి చందా పడ్డ రెండు నెలల తర్వాత మీరే పోర్టల్లో వేసుకోవచ్చు.

ఏప్రిల్ దాకా ఉండడం మంచిదే, కానీ దానికి అందరూ వేసే మార్కులకంటే నేను వేసేవి తక్కువ. "సంవత్సరం పూర్తి చేస్తే వేసవి జీతం వస్తుంది" అనుకుంటారు. చాలా బడుల్లో అది జూన్‌లో మళ్లీ వచ్చేవాళ్లకే. పైగా ఏప్రిల్‌లో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పుతారు. మారబోయే మీకు ఆ ఎండలో తిరుగుడెందుకు? ఒక్క సందర్భంలో మాత్రం ఉండమనే చెబుతా: పదో తరగతి మీ చేతిలో ఉండి, సంక్రాంతి దాటిపోయి ఉంటే. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఆ రెండు నెలలు కొత్త టీచరు ఎంత గొప్పవాడైనా పిల్లలకు అలవాటుపడేసరికే అయిపోతాయి. లెక్కలు, సైన్సు వాళ్లకు ఇది ఇంకా గట్టిగా చెబుతా. ఆరో తరగతో, ఏడో తరగతో అయితే పోవచ్చు.

ఆఫర్ చూపించి ఇక్కడే జీతం పెంచమని అడగడం కూడా ఒక పద్ధతే. ఒకసారి పెంచుతారు, ఆ తర్వాత "పోయేవాడే కదా" అని చూస్తారు. లాంగ్ లీవు పెట్టి అక్కడ చేరిపోవడం గురించి అడక్కండి.

నోటీసు ఇచ్చేటప్పుడు మాత్రం నోటి మాటతో వదిలేయొద్దు. ప్రిన్సిపాల్‌కు మెయిల్ పెట్టి, కాగితం మీద కూడా ఇచ్చి, ఇంకో కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోండి. ఏ యూనిట్ దాకా అయింది, స్లిప్ టెస్టు పేపర్లు ఏవి దిద్దాలి, ఏ పిల్లలు వెనకబడ్డారు అన్నది ఒక పేజీలో రాసి తర్వాత వచ్చేవాళ్లకు ఇవ్వండి. రిలీవింగ్ లెటరు అడిగే రోజున ఆ పేజీ జిరాక్సు మీ దగ్గర ఉండాలి.