కిట్ కారు పార్సిల్ వచ్చిందా? కొలతలు తీసేదాకా డ్రిల్లు ముట్టుకోకండి

విశాఖలో ఇంటి దగ్గరే కిట్ కారు (విడిభాగాలుగా వస్తే మనమే బిగించుకునే కారు) కట్టుకుందామని అడ్వాన్సు పంపబోతున్నవాళ్లకు ఈ హెచ్చరిక. మారుతి 800 ఇంజను, గేర్‌బాక్సు సీట్ల వెనక కూర్చునేలా పైపు ఛాసిస్, దాని మీద ఫైబర్ బాడీ. వేరే రాష్ట్రం నుంచి లారీలో వస్తున్న ఈ కిట్ విషయంలో, అమ్మేటప్పుడు చెప్పిన మాటలకీ పెట్టె విప్పాక కనిపించిన సరుకుకీ పొంతన లేదు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. కింద చెప్పిన కొలతలు తీస్తే ఏ కిట్టయినా దాని బండారం అదే బయటపెడుతుంది.

డబ్బు కట్టేముందు "వెల్డింగ్ అక్కర్లేదు, బోల్టులు బిగిస్తే చాలు" అన్నారు. బెజ్జాలు కలవడం లేదని ఫోన్ చేస్తే "కొంచెం గ్రైండ్ చేసుకోండి, ఫైబర్ అంటే అంతే" అన్నారు. ఈ రెండో మాట అస్సలు వినకండి. గ్రైండర్ పెట్టిన మరుక్షణం ఆ తప్పు మీ ఖాతాలో పడుతుంది. కోసిన సరుకు వాపసు తీసుకోం అంటారు.

ముందు ఛాసిస్. నాలుగు స్టాండ్ల మీద పెట్టి, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో మట్టం చూసుకోండి. ముందు, వెనక సస్పెన్షన్ ఆర్ములు బిగించే బెజ్జాల నుంచి తూకం గుండు వదిలి, నేల మీద నాలుగు చోట్ల గుర్తు పెట్టండి. ఛాసిస్ పక్కకి తీసి, ఆ గుర్తుల మధ్య క్రాస్ కొలతలు రెండూ స్టీలు టేపుతో తీయండి. రెండింటికీ 3 మి.మీ. లోపు తేడా ఉంటే పర్వాలేదు. 5 దాటితే వెనక్కి పంపేయడమే. ఈ కిట్‌లో 11 మి.మీ. వచ్చింది. జిగ్‌లో (పైపులు కదలకుండా పట్టి ఉంచే చట్రంలో) బిగించకుండా ఒక పక్కంతా వెల్డు చేసేసి తర్వాత రెండో పక్కకి వెళ్తే, వేడికి పైపు లాగేసి ఇలా అవుతుంది. మోసపోయేది ఎక్కడంటే, ఈ తప్పు ఛాసిస్‌లో కనిపించదు, తలుపు సందులో కనిపిస్తుంది. ఎడమ తలుపు చక్కగా కూర్చుని, కుడి తలుపు కింద ఆనుతుంటే అందరూ ఫైబర్‌నే తప్పు పడతారు, దాని బెజ్జాలు పెద్దవి చేస్తారు. బండి రోడ్డెక్కాక పక్కకి లాగుతున్నప్పుడు గానీ అసలు సంగతి తెలియదు.

బాడీని మొదట ఒక్క బోల్టు కూడా వేయకుండా ఛాసిస్ మీద ఊరికే కూర్చోబెట్టండి. అచ్చులో పూర్తిగా గట్టిపడకముందే తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి లారీలో పంపితే మెలి తిరుగుతుంది. మౌంటు దగ్గర, అంటే బాడీ ఛాసిస్ మీద ఆనే చోట, 5, 6 మి.మీ. ఖాళీ ఉంటే రబ్బరు ముక్క, ఇనుప వాషర్లు పెట్టి ఎత్తు సరిచేయొచ్చు. బోల్టుతో కిందికి లాగి కూర్చోబెట్టారో, కొన్నాళ్లకు బెజ్జం చుట్టూ నక్షత్రంలా పగుళ్లు వస్తాయి. వాషరు కనీసం 25 మి.మీ. వెడల్పుది వాడండి. తలుపులు పెట్టి, చుట్టూ 4, 5 మి.మీ. సందు సమంగా వచ్చాకే బిగింపు. ఫైబర్ అతుకులు వానాకాలంలో పెట్టుకోకండి, మన తేమకి రెజిన్ (ఫైబర్‌ని అతికించే జిగురు) సరిగ్గా గట్టిపడదు. కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాముల హార్డెనర్ చాలు. హార్డెనర్‌నీ కోబాల్ట్‌నీ (రెజిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే మందు) మాత్రం నేరుగా ఎప్పుడూ కలపకండి, భగ్గుమంటుంది.

అన్నిటికన్నా భయపెట్టినవి బ్రేకు పైపు నట్లు. మారుతి మాస్టర్ సిలిండర్‌కు 10 మి.మీ. మందం, 1 మి.మీ. పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) ఉన్న మరలు కావాలి. కిట్‌తో వచ్చినవి 3/8 అంగుళం నట్లు, అంటే 9.5 మి.మీ. ఇది 10లోకి చేత్తోనే సులువుగా ఎక్కుతుంది, రెండు మూడు చుట్లు తిరిగాక బిగుసుకుంటుంది, బాగానే ఉందనిపిస్తుంది. కానీ మరలు పట్టేది అంచుల మీదే. గట్టిగా బ్రేకు తొక్కిన రోజు ఊడి వస్తుంది. వెర్నియర్ పెట్టి ప్రతి నట్టూ కొలవండి. వెర్నియర్ లేకపోతే సగం ఎక్కించి పక్కకి ఊపండి, కటకటా కదిలితే తీసి పారేయండి. సరైనవి గాజువాక ఆటోనగర్‌లో విడిగా దొరుకుతాయి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

సస్పెన్షన్ బోల్టుల్లో మరలు లేని నున్నటి భాగం బ్రాకెట్ లోపల ఉండాలి, మరలు బయట ఉండాలి. వీళ్లు పంపినవి చివరిదాకా మరలున్న బోల్టులు. కుదుపుకి మరల గాడి దగ్గరే తెగుతాయి. 8.8 గ్రేడు గుర్తు (బోల్టు బలం చెప్పే అంకె) తల మీద ఉందో లేదో చూడండి. స్ప్రింగు తీసేసి చక్రాన్ని పైనుంచి కిందిదాకా ఆడిస్తూ, డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు ఎక్కడా గుద్దుకోకుండా జారుతోందో లేదో కూడా చూడాలి.

పౌడర్ కోటింగు వెల్డు మూలల్లో గోటితో గీకితే పెచ్చులుగా లేచింది. కింద వెల్డు మీద మిగిలిన చిట్టెం (స్లాగు) తీయకుండానే రంగు కొట్టారు. మన సముద్రపు గాలికి అది ఏడాది కూడా ఆగదు.

"పాత మారుతి ఆర్‌సీ పనికొస్తుంది" అన్నది కూడా అబద్ధం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అలా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. కొత్త మోడల్‌గా అమ్మాలంటే పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ పరీక్ష చేసిన సర్టిఫికెట్ ఉండాలి. అది చూపించమని అడ్వాన్సుకు ముందే అడగండి.

లారీ ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు "పెట్టె విప్పి చూడలేదు" అని రసీదు మీద రాయండి. కొలతలన్నీ టేపు కనిపించేలా ఫొటోలు తీసి, వాట్సాప్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కొన్నవాళ్లు ఉండే ఊళ్లోనే, అంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. గడువు 2 ఏళ్లు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. తీసేసిన నట్లు, బోల్టులు ఒక డబ్బాలో వేసి పేరు రాసి దాచండి, విచారణలో అవే అడుగుతారు.