జర్మనీలో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్: ప్రకటన చూసి అప్లై చేయాలా, ప్రొఫెసర్‌కి నేరుగా మెయిల్ పెట్టాలా?

ఎమ్మెస్సీ, ఎంటెక్ ఆఖరి సెమిస్టర్ వచ్చిందంటే నాకు వచ్చే మెసేజ్‌లన్నీ ఇవే: "అన్నా, ప్రకటనలు చూస్తూ కూర్చోవాలా, ప్రొఫెసర్లకు మెయిల్స్ కొట్టాలా?" రెండు దారుల్లోనూ సీటు కొట్టినవాళ్లున్నారు. నేను మాత్రం ముందు ఒక్కటే అడుగుతాను: మీకు జీతమిచ్చే డబ్బు ఇప్పటికే మంజూరైందా?

పీహెచ్‌డీ ఉద్యోగానికి ప్రకటన పడిందంటే మామూలుగా డబ్బు చేతిలో ఉన్నట్టే. "టీవీ-ఎల్ ఈ13, 65 శాతం, 3 ఏళ్లు" అని ఉంటే, జర్మనీ రాష్ట్రాల ఉద్యోగుల వేతన ఒప్పందంలో 13వ గ్రేడు, అందులో 65 శాతం జీతం అని. పని మాత్రం చాలా ల్యాబుల్లో నూటికి నూరు శాతమే! కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్‌లో పూర్తి జీతం తరచుగా దొరుకుతుంది. బయాలజీలో 65 చూసి కంగారు పడకండి, అక్కడ అది మామూలే. ఈ దారిలో ఇబ్బంది ఏంటంటే టాపిక్ ముందే ఖరారై ఉంటుంది, పోటీ కూడా గట్టిగానే ఉంటుంది.

ఇక మెయిల్. "రెస్పెక్టెడ్ సర్, మీ పరిశోధన అంటే నాకు ఎంతో ఆసక్తి" అంటూ అందరికీ ఒకటే పంపిస్తే, ప్రొఫెసర్ పేరు ఉన్నచోట ఫాంట్ మారి, అతికించిన సంగతి ఇట్టే దొరికిపోతుంది. వాళ్ల ఈమధ్య పేపర్ ఒకటి చదివి, అందులో నిజంగా తట్టిన ప్రశ్న ఒకటి అడిగి, మీ థీసిస్ గురించి నాలుగు లైన్లు రాస్తే జవాబు రావచ్చు. ఆ జవాబు కూడా చాలాసార్లు "మా దగ్గర డబ్బు లేదు, స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే రండి" అనే. అప్పుడు డాడ్ (DAAD, జర్మనీ విద్యా మార్పిడి సంస్థ) ఇచ్చేలాంటి స్కాలర్‌షిప్‌కి అప్లై చేసి, ఫలితం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. అందుకే పీహెచ్‌డీకి నా ఓటు ప్రకటనకే.

పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగానికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. జర్మనీ హంబోల్ట్ ఫౌండేషన్ ఇచ్చే ఫెలోషిప్, యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్ మీ పేరు మీదే మంజూరవుతాయి, కానీ మిమ్మల్ని తీసుకుంటానని అక్కడి ప్రొఫెసర్ ముందే ఒప్పుకోవాలి. కాబట్టి మెయిలే మొదటి మెట్టు. మేరీ క్యూరీలో ఇంకో మెలిక ఉంది: అప్లై చేసే గడువుకు ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉన్న దేశానికి అది చెల్లదు. జర్మనీలో పీహెచ్‌డీ చేసి వెంటనే జర్మనీలోనే అంటే కుదరదు, నెదర్లాండ్స్‌కో డెన్మార్క్‌కో రాయాలి. గడువు మామూలుగా సెప్టెంబర్‌లో ఉంటుంది, మెయిల్ మే, జూన్‌కల్లా వెళ్లిపోవాలి.

జర్మనీ పరిశోధన సంస్థ మాక్స్ ప్లాంక్ నడిపే పీహెచ్‌డీ గ్రాడ్యుయేట్ స్కూళ్లు కూడా ప్రకటన దారే, ఎంపిక కమిటీది. కన్సల్టెన్సీలా? పీహెచ్‌డీకి వాళ్లతో పనే లేదు. ప్రకటనల కోసం యూరప్ పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైట్ యూరాక్సెస్ చూడండి, దానికన్నా ముందు మీకు నచ్చిన గ్రూపు సొంత పేజీలో "ఓపెన్ పొజిషన్స్" నొక్కి చూడండి.