పెనాంగ్ దారిలో దిగవలసిన రాష్ట్రం: పేరాక్

కౌలాలంపూర్‌లో పెట్రోనాస్ జంట టవర్లు, ఊరి శివార్లలో బటు గుహలు చూసి, అక్కడి నుంచి నేరుగా పెనాంగ్‌కో లంకావికో వెళ్లిపోవడం మనవాళ్లకు అలవాటు. దారి పొడవునా పరుచుకున్న పేరాక్ రాష్ట్రం వాళ్లకు రైలు కిటికీలోంచి కనిపించే సున్నపురాయి కొండలుగానే మిగిలిపోతుంది. మలేసియాలో ఒక్క రాష్ట్రాన్నే తీరిగ్గా చూసే వీలుంటే నేను పేరాక్‌నే ఎంచుకుంటాను. అందులోనూ రాష్ట్ర రాజధాని ఈపోకు తక్కువ, దానికి ఉత్తరాన ఉన్న తైపింగ్ పట్టణానికి ఎక్కువ సమయం ఇస్తాను. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు.

ఇక్కడి ఊళ్లన్నిటి వెనకా ఉన్నది తగరం. 1511లో మలక్కా పోర్చుగీసుల వశమయ్యాక, అక్కడి ఆఖరి సుల్తాను కొడుకు 1528లో పేరాక్‌కు వచ్చి రాజయ్యాడు. ఆ సుల్తానుల పరంపర నేటికీ కొనసాగుతోంది. డచ్చివారు 1670లో పాంగ్కోర్ దీవిలో కోట కట్టింది తగరం వ్యాపారం కోసమే. 1848లో లారుత్ ప్రాంతంలో పెద్ద నిక్షేపాలు బయటపడ్డాక చైనా కూలీలు వేలల్లో దిగారు. గనుల కోసం, నీటి కాలువల కోసం వాళ్ల రహస్య సంఘాలు ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. దాన్ని సాకుగా చేసుకుని 1874 జనవరిలో పాంగ్కోర్ ఒప్పందంతో బ్రిటిష్‌వారు తమ రెసిడెంటును, అంటే సలహాదారు పేరుతో పెత్తనం చేసే అధికారిని, సుల్తాను పక్కన కూర్చోబెట్టారు. మొదటి రెసిడెంటు బర్చ్‌ను మరుసటి ఏడాదే పాసిర్ సలాక్‌లో మలయ్ నాయకులు చంపించారు. ఆ హత్యకు 1877లో ఆ నాయకుల్లో మహారాజా లేలాను, దాతో సాగోర్‌ను ఉరితీశారు, సుల్తాను అబ్దుల్లాను సీషెల్స్ దీవులకు పంపేశారు. ఈపో పాతపట్నంలో బర్చ్ పేరిట 1909లో కట్టిన గడియార స్తంభం ఇంకా ఉంది. అది నిలబడిన వీధికి మాత్రం ఇప్పుడు దాతో సాగోర్ పేరు. స్వాతంత్ర్యం వచ్చాక స్తంభాన్ని కూల్చకుండా వీధి పేరు మార్చిన ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది.

కౌలాలంపూర్ సెంట్రల్ నుంచి ఈపోకు ఎలక్ట్రిక్ రైలులో సుమారు రెండున్నర గంటలు. శుభ్రంగా, వేళకు నడుస్తుంది. శని, ఆదివారాల టికెట్లు ముందుగానే అయిపోతాయి కాబట్టి వారాంతం తప్పించండి, లేదా ముందే కొనుక్కోండి. రైలునే సిఫారసు చేయడానికి ఇంకో కారణం ఉంది: స్టేషన్ పాతపట్నం నడుమ ఉంటుంది. దూరప్రాంతాల బస్సులు ఆగే అమన్‌జయ బస్‌స్టేషన్ ఊరికి చాలా దూరం, అక్కడి నుంచి మళ్లీ టాక్సీ కట్టుకోవాలి. పైగా ఆ రైల్వే స్టేషన్ భవనమే ఒక దర్శనీయ స్థలం. ఆర్థర్ బెనిసన్ హబ్బక్ అనే వాస్తుశిల్పి గీసిన ఈ తెల్లటి గుమ్మటాల కట్టడం 1917లో పూర్తయింది.

ఈపోలో కింతా నదికి ఇటు పాతపట్నం, అటు కొత్తపట్నం. పాతపట్నంలోని పాత దుకాణాల వరుసలు, గోడచిత్రాలు, పాంగ్లిమా సందు చూడటానికి ఒక ఉదయం చాలు. ఆ సందు ఇప్పుడు బొమ్మలు, ఐస్‌క్రీములు అమ్మే తిరునాళ్లయింది. సెలవు రోజున అందులో నడవడం కష్టం, దాని కోసమే ఈపో వెళ్లనక్కర్లేదు. తెల్లకాఫీ మాత్రం దాని సొంత ఊళ్లోనే తాగాలి. గింజలను మార్జరిన్‌తో వేయించి, చిక్కటి తియ్యపాలతో కలుపుతారు. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడిన మా అత్తగారు మొదటి గుక్కకు మొహం చిట్లించి, రెండో కప్పు తనే అడిగారు.

బస విషయంలో జాగ్రత్త అవసరం. పాత దుకాణాలను మార్చి కట్టిన చిన్న హోటళ్లు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి. మేము దిగినదాంట్లో గదికి కిటికీ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు, కింద కాఫీ దుకాణం సందడి రాత్రిదాకా పైకి వినిపించింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు కిటికీ ఉందా, లిఫ్టు ఉందా అని అడిగి మరీ గది తీసుకోండి. కొత్తపట్నంలోని మామూలు హోటళ్లు చూడటానికి సాదాసీదాగా ఉన్నా అదే ధరకు సుఖంగా ఉంటాయి.

ఊరిచుట్టూ ఉన్న గుహాలయాల్లో ఒక్కటే చూడగలిగితే కెక్ లోక్ తాంగ్ చూడండి. కొండ కడుపులోంచి చల్లటి నేల మీద నడుచుకుంటూ వెళితే అవతలి వైపు చెరువులు, తోట, వాటిని చుట్టుముట్టిన కొండలు. ప్రవేశం ఉచితం, పరిశుభ్రత మెచ్చుకోదగ్గది. 1926 నాటి పేరాక్ తాంగ్‌లో మహాబుద్ధ విగ్రహం, గోడలనిండా చిత్రాలు ఉన్నాయి, పైకెక్కడానికి నాలుగు వందలకు పైగా మెట్లు. మోకాళ్లు సహకరించేవారికే అది. గునుంగ్ చెరో కొండ దగ్గరి కల్లుమలై సుబ్రహ్మణ్య ఆలయంలో సాయంత్రం పూట ప్రశాంతంగా దర్శనమవుతుంది, మురుగన్ పండగ తైపూసం రోజున మాత్రం ఊరంతా అక్కడే.

బాతు గజా వైపు కారు మాట్లాడుకుని ఒక పూట వెళ్లి రావాలి. అందరూ కెల్లీస్ కాసిల్ కోసం వెళతారు. విలియం కెల్లీ స్మిత్ అనే స్కాట్లాండు తోటల యజమాని మొదలుపెట్టిన ఈ భవనం, 1926లో అతను లిస్బన్‌లో చనిపోవడంతో అసంపూర్తిగా ఆగిపోయింది. ఇటుకలు, కూలీలు మన మద్రాసు వైపు నుంచి వెళ్లాయి. దయ్యాల కథలు చెప్పి టికెట్లు అమ్మే తీరు నాకు నచ్చలేదు. అక్కడ కూలీలను రోగం కబళించినప్పుడు వాళ్లు అడిగి కట్టించుకున్న మారియమ్మ గుడి దగ్గర్లోనే ఉంది. దాని పైకప్పు మీది విగ్రహాల నడుమ టోపీ పెట్టుకున్న దొర బొమ్మ కూడా ఉంది, అది స్మిత్‌దే అంటారు. భవనం కంటే ఆ గుడి దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను.

అదే దారిలో టీటీ-5 అనే తగరం తవ్వే యంత్రం ఉంది, దాన్ని వదలొద్దు. 1938లో కట్టిన 4,500 టన్నుల ఇనుప భవనం, నీళ్ల మీద తేలుతూ చెరువు అడుగును బకెట్ల గొలుసుతో తోడి, మట్టిని కడిగి ఖనిజాన్ని వేరు చేసేది. 1982దాకా పనిచేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1985లో, ప్రపంచ మార్కెట్లో తగరం ధర కుప్పకూలింది, కింతా లోయ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. లోపల తిప్పి చూపించిన గైడు ప్రతి భాగం పనినీ ఓపిగ్గా వివరించాడు. పిల్లలున్నవారికి కెల్లీస్ కాసిల్‌ కంటే ఇదే విలువైనది.

ఇక తైపింగ్. ఈపో నుంచి అదే రైలు మార్గంలో ఉత్తరాన ఉంది. లారుత్ గొడవలు జరిగిన చోటే వెలసిన ఈ పట్టణం 1930ల దాకా పేరాక్ రాజధాని. మలయాలో, అంటే బ్రిటిష్ పాలన నాటి మలేసియా ద్వీపకల్పంలో, తొలి రైలు 1885 జూన్‌లో ఇక్కడి నుంచే పోర్ట్ వెల్డ్‌కు, అంటే తగరం ఓడకెక్కే రేవుకు నడిచింది. మలయాలో మొట్టమొదటి మ్యూజియం 1883లో ఇక్కడే పెట్టారు. తవ్వి వదిలేసిన గని గుంతలను 1880ల్లో చెరువుల తోటగా మార్చారు. ఒడ్డున నాటిన నిద్రగన్నేరు చెట్లు నూరేళ్లు దాటి, రోడ్డు మీదుగా కొమ్మలు చాచి అవతలి నీళ్లను తాకుతున్నాయి. గనులు తవ్వి నాశనమైన నేలను ఇంత అందంగా తిరిగి మనుషులకు అప్పగించిన చోటు నేను మరొకటి చూడలేదు. తెల్లవారుజామున ఊరి పెద్దలంతా అక్కడే నడుస్తారు. తోట పక్కనే బస దొరికితే, కొంచెం ఎక్కువ ధరైనా తీసుకోండి. గొడుగు మాత్రం రోజూ చేతిలో ఉండాలి, మలేసియాలో బాగా వానలు పడే ఊళ్లలో ఇదొకటి. పైనున్న బుకిత్ లారుత్ కొండకు వెళ్లే జీపులు కొండచరియలు విరిగిపడటంతో ఆగాయి, బయలుదేరే ముందు విచారించుకోండి.

తైపింగ్ నుంచి క్వాలా సెపెతాంగ్ దగ్గర. ఒకప్పటి పోర్ట్ వెల్డ్ ఇదే. మతాంగ్ మడ అడవులను ముప్పయ్యేళ్ల వంతుల్లో నరికి, మళ్లీ నాటుతూ నూరేళ్లకు పైగా కాపాడుతున్నారు. ఆ కలపతో మట్టి బట్టీల్లో బొగ్గు చేసే పని దగ్గరుండి చూడొచ్చు. కోరింగ చూసినవారికి ఆ అడవి పరిచయమైనదే అనిపిస్తుంది, దాన్ని నడిపే పద్ధతి మాత్రం కొత్త. పొగ పడనివారు బట్టీల్లోకి వెళ్లకపోవడం మంచిది.

క్వాలా కంగ్సార్ రాజకుటుంబం ఊరు. 1917 నాటి బంగారు గుమ్మటాల ఉబుదియా మసీదు హబ్బక్‌దే. సుల్తాను ఏనుగులు పోట్లాడుకుని ఇటలీ పాలరాయిని తొక్కేస్తే మళ్లీ తెప్పించారని చెబుతారు. 1877లో నాటిన రబ్బరు చెట్టు ఒకటి ఇంకా ఉంది. మధ్యాహ్నం దిగి సాయంత్రానికి వెళ్లిపోవచ్చు, రాత్రి బస అనవసరం. పాంగ్కోర్ దీవి తీరం బాగుంటుంది, కానీ విశాఖ తీరం చూసినవారికి దాని కోసం రోజంతా పెట్టుకోవలసిన పని లేదు.

మా ప్రయాణంలో నేను పట్టుబట్టి పెట్టించింది దక్షిణాన ఉన్న తెలుక్ ఇంతాన్, బాగాన్ దతుక్. తెలుక్ ఇంతాన్‌లో 1885 నాటి ఒరిగిన గోపురం ఉంది. బయటికి ఎనిమిది అంతస్తులుగా కనిపిస్తుంది, లోపల మూడే. పైన నీళ్ల తొట్టి, అడుగున మెత్తటి నేల, అందుకే ఒరిగింది. అక్కడి నుంచి సముద్రం వైపు కొబ్బరి తోటల మధ్య సాగే దారి అచ్చం కోనసీమే. ఆ తోటల్లో పనికి మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాల వారసులు ఇప్పటికీ బాగాన్ దతుక్ చుట్టుపక్కల ఉన్నారు, ఉగాది చేసుకుంటారు. ఒక చిన్న దుకాణంలో కొబ్బరినీళ్లు తాగుతూ మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చారు.

"ఏ ఊరమ్మా మీది?"

"విజయనగరం, అమ్మమ్మా."

"మా తాతది శ్రీకాకుళం వైపు. నేను ఎప్పుడూ చూడలేదు" అన్నారు. మా అత్తగారు, ఆవిడ చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు. కొబ్బరినీళ్లకు డబ్బు తీసుకోలేదు.

అటువైపు రైలు లేదు, బస్సులు అరుదు. ఈపోలోనో తెలుక్ ఇంతాన్‌లోనో కారు రానూపోనూ మాట్లాడుకుని, డ్రైవరు వేచి ఉండే సమయానికి ఎంతో ముందే తేల్చుకోండి. శాకాహారులు మధ్యాహ్న భోజనం తెలుక్ ఇంతాన్‌లోనే ముగించుకుని బయలుదేరండి, ఆపైన దొరికేది ఎక్కువగా చేపల భోజనమే.