బ్లూయి: 7 నిమిషాల కథలకు వందకు వంద, ఆ 28 నిమిషాల దగ్గరే పేచీ

బ్లూయి అనే ఆస్ట్రేలియా పిల్లల కార్టూన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని నిడివి. ఒక్కో కథ ఏడు నిమిషాలు. కుక్కర్ పెట్టి టీవీ ఆన్ చేస్తే, విజిల్స్ వచ్చేలోపు కథ అయిపోతుంది. అది వచ్చే టీవీ ఛానెల్ ఏబీసీ కిడ్స్‌లో ప్రకటనలు ఉండవు కాబట్టి ఏడంటే ఏడే. మేం మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో ఉంటాం. పాపకి మాటలు వచ్చీరాని రోజుల్లో మొదలుపెట్టాం, ఇప్పుడు ప్రెప్ (ఇక్కడ బడిలో మొదటి ఏడు) చదువుతోంది. ఇన్నేళ్లలో నాకు విసుగు పుట్టని పిల్లల కార్యక్రమం ఇదొక్కటే.

బ్రిస్బేన్‌లో ఉండే హీలర్ జాతి కుక్కల కుటుంబం కథ ఇది: నాన్న బాండిట్, అమ్మ చిల్లీ, కూతురు బ్లూయి, దాని చెల్లి. ఆ కాస్త సమయంలో వాళ్లు ఏం చేస్తారన్నదే నాకు ఆశ్చర్యం. 'కీపీ అప్పీ'లో బెలూన్‌ని నేల తాకనివ్వకపోవడం తప్ప కథే లేదు. టీవీ ఆపగానే మా హాల్లో అదే ఆట మొదలవుతుంది.

మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. ఈ ఇంగ్లీషు ఆవిడకి అంతుపట్టలేదు. మనవరాలి పక్కన కూర్చునేవారు గానీ, కళ్లు టీవీ మీద నిలిచేవి కావు. ఒకరోజు 'రెయిన్' వచ్చింది. అందులో మాటలు దాదాపు ఉండవు, సంగీతమే. వానలో ఇంటి ముందు పారే నీళ్లకి బ్లూయి అడ్డుకట్ట వేయాలని చూస్తుంటుంది. ఆ తడి కాళ్లతోనే ఇంట్లోకీ బయటికీ తిరుగుతుంటే తల్లి చిల్లీ తుడవలేక విసిగిపోతుంది, చివరికి తనూ వెళ్లి వానలో కూతురితో కలుస్తుంది. అత్తయ్య కదలకుండా చూశారు. అయిపోగానే, "మేం కూడా పంట కాలవకి ఇట్టాగే మట్టికట్ట ఏసేవాళ్లమే, అమ్మలూ" అని మొదలుపెట్టారు. ఆ కబుర్లు అన్నాలయ్యేదాకా సాగాయి. మర్నాడు పెరట్లో పైపు వదిలి, నాయనమ్మా మనవరాలూ కలిసి నిజంగానే కట్ట కట్టారు. ఆవిడ చిన్నతనం గురించి మా ఆయనకి కూడా తెలియని సంగతులు ఆ రెండు రోజుల్లో బయటికొచ్చాయి.

అయితే ఏడు నిమిషాలే అన్నది ఆటోప్లే ఆపుకున్నవాళ్లకే. లేకపోతే ఒక కథ అవ్వగానే ఇంకోటి దానంతటదే మొదలై, ఏడు కాస్తా ఇరవై ఒకటి అవుతుంది. ఇంకో మాట. బాండిట్ ఎంత పనిలో ఉన్నా చాలాసార్లు పిల్లలతో ఆటకి దిగిపోతాడు. మా ఆయనవి షిఫ్ట్ డ్యూటీలు. రాత్రి పని చేసి వచ్చి పడుకున్న మనిషిని పాప లేపి ఆడమంటే ఆయనకీ కష్టమే, కాదనడం ఇంకా కష్టం.

ఇక నా పేచీ. 2024 ఏప్రిల్‌లో 'ద సైన్' అనే పెద్ద కథ వచ్చింది, 28 నిమిషాలు. తండ్రికి వేరే ఊళ్లో ఉద్యోగం వస్తుంది, ఇల్లు అమ్మకానికి పెడతారు. కథలన్నీ సుఖంగానే ఎందుకు ముగుస్తాయని బ్లూయి అడిగితే, జీవితం ఎలాగూ కావలసినన్ని దుఃఖాలు ఇస్తుంది కదా అన్నట్టు చెప్తుంది కాలిప్సో టీచర్. చివర్లో, కొనబోయినవాళ్లు స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇంకో ఇల్లు చూసుకుని వెనక్కి తగ్గుతారు. బాండిట్ ఇంటి ముందు పాతిన అమ్మకం బోర్డుని పెకలించి పారేస్తాడు. మా ఆయనా నేనూ ఏడ్చేశాం. చాలా బాగుందని కనపడిన ప్రతి తల్లికీ చెప్పాను.

తర్వాతి ఏడాది మేం అద్దెకున్న ఇంటిని ఓనర్ అమ్మకానికి పెట్టారు. ఏజెంట్ వచ్చి లాన్‌లో బోర్డు పాతి వెళ్లాడు. పాప కిటికీలోంచి చూసి, "నాన్నా, పీకెయ్" అంది. ఇది మన ఇల్లు కాదమ్మా అంటే దానికి ఎక్కలేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్న ఇల్లు మనది కాకపోవడమేంటి? శనివారాలు ఇల్లు చూడ్డానికి జనం వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లందరికీ, "మా ఇంట్లో పూల్ లేదు" అని చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు. అది ఎందుకలా చెప్తోందో తెలిసిన నాకు కడుపులో దేవినట్టయ్యేది.

ఇల్లు అమ్ముడుపోయింది. సామాను లారీలోకి ఎక్కించిన రోజు పాప కారెక్కనంది. బోర్డు దగ్గర నిలబడి వాళ్ల నాన్న వైపే చూస్తోంది. కొత్తింట్లో చాలా రోజులు, "నాన్న బోర్డు తియ్యలేదు" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మౌనంగా లేచి వెళ్లిపోయేవారు. సుఖాంతం ఉండకూడదని నేననను. అది తండ్రి చేత్తో జరిగినట్టు చూపించారు, అదే నా బాధ. నాన్న తలుచుకుంటే ఉండిపోవచ్చు, కావాలనే తలుచుకోలేదు అని నాలుగైదేళ్ల పిల్ల అనుకుంటే ఆ పిల్ల తప్పేముంది?

మళ్లీ మమ్మల్ని ఆదుకున్నది ఒక ఏడు నిమిషాల కథే. 'క్యాంపింగ్'లో బ్లూయికి జాన్ లూక్ అని ఫ్రెంచి మాట్లాడే నేస్తం దొరుకుతాడు. ఒక పొద్దున్న చూస్తే జాన్ లూక్ వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. కొందరు కొన్నాళ్లే మనతో ఉండి వెళ్తారని చిల్లీ కూతురికి నచ్చజెప్తుంది. దాన్ని పాప పదే పదే పెట్టమంది. పాతింటి పక్కన ఉండే స్నేహితురాలి గురించి మొదటిసారి నోరు విప్పింది కూడా అది చూశాకే.

కాబట్టి బ్లూయి చూపించండి, అందులో నాకు అనుమానం లేదు. సొంత ఇల్లు ఉన్నవాళ్లకి 'ద సైన్' హాయిగానే గడిచిపోవచ్చు. మా ఆయనకి ఇప్పటికీ అన్నిటిలోకీ అదే గొప్ప. ఇల్లో ఊరో మారే ఆలోచన ఉండి, పిల్లలు బడి వయసు లోపువాళ్లయితే మాత్రం దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి ముందు 'క్యాంపింగ్' చూపించమంటాను. ఇంకో పిల్లకి ఇంకోలా ఉండొచ్చు, మా పాపకి ఇలా అయింది.